రేడియోకు పెట్టిన పసుపు

నడింపల్లె ఓబులేసప్ప చేసిన ఘనకార్యాలు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ తెలియదు. ఆయనకు మాత్రం తెలుసు. బావితో మొదలుపెట్టి రేడియోతో ముగిస్తాడు. వినేవాడు ఏదో పని గుర్తొచ్చిందని మధ్యలో లేచిపోతే, మరునాడు ఆపిన చోట కాకుండా మళ్ళీ బావి దగ్గరే అందుకుంటాడు. అందుకే ఆ ఊళ్ళో బావి సంగతి తెలియనివాడు లేడు. రేడియో దాకా వినే ఓపిక మాత్రం కొద్దిమందికే ఉండేది.

ఆ బావి మామూలు బావి కాదు మరి. నీళ్ళు పడవని తాతల నాడే వదిలేసిన బండనేలలో, పసుపు తోట కోసం పట్టుబట్టి తవ్వించినది. బండ పగిలేదాకా మీసం కత్తిరించనని పంతం పట్టాడు. నీళ్ళు పడేనాటికి మీసం నోటికి అడ్డంపడి సంగటిముద్ద మింగడం కష్టమైపోయిందని ఆయన భార్య వెంకటలక్ష్మమ్మ చెబుతుంది. ఆ భాగం ఆయన చెప్పడు.

బావి తరువాత బస్సు. కడప బస్సు నడింపల్లెలో ఆగకుండా దుమ్ము రేపుకుంటూ పోతుంటే, ఇంట్లోంచి కుర్చీ తెప్పించి రోడ్డు నడుమ వేసుకుని కూర్చున్నాడు. డ్రైవరు హారన్ మోగించీ మోగించీ అలిసిపోయాడు. "ఇంగా కొట్టప్పా, మా ఊరోళ్ళకు ఆ సద్దు ఇని శానా దినాలాయ" అన్నాడట ఓబులేసప్ప. ఆ రోజు నుంచి బస్సు ఆగుతోంది. బస్సు తరువాత అరుగు. చుట్టుపక్కల ఊళ్ళలో సిమెంటు అరుగు మొదట వేసినది ఆయనే. తడి ఆరకముందే దాని మీద కోడిపెట్ట నడిచిపోయింది. ఆ అడుగులు ఇప్పటికీ ఉన్నాయి. అడిగితే, కడప మేస్త్రీ వేసిన పూలడిజైను అని చెబుతాడు.

వీటన్నిటి మీద కలశం పెట్టినట్టు, రేడియో. ఈ కథ ఆ రేడియోది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళ, హైదరాబాదు కేంద్రంలో పాడబోయే తన కూతురి గొంతును, తన ఇంట్లో, తన రేడియోలో, ఊరందరి నడుమ కూర్చుని వినాలని ఓబులేసప్ప పెట్టుకున్న ఆశది. ఆశ చిన్నదే. రేడియోకే జబ్బు చేసింది.

జబ్బు ఒక్కనాటిది కాదు. మొదట వచ్చినప్పుడు ఆ పెట్టె ఎంత చక్కగా పలికేదో! కరెంటు లేని ఊరు కాబట్టి బస్సులకు వాడేలాంటి బరువైన బ్యాటరీ మీద నడిచేది. బ్యాటరీ చార్జి అయిపోతే కడపకు తీసుకుపోయి నింపించుకు రావాలి. బస్సులో దానికి కిటికీ పక్కన సీటు, ఓబులేసప్ప నిలబడి. మిద్దె మీద రెండు వెదురు బొంగులు పాతి, వాటి నడుమ రాగితీగ లాగించాడు. అది ఏరియల్. ఆ తీగ మిద్దె కన్నంలోంచి పడసాలలోకి దిగి పెట్టె వెనకకు వస్తుంది. ఇంకొక తీగ గోడవారగా పోయి నేలలో పాతిన రాగికడ్డీకి కలుస్తుంది. అది ఎర్త్. మూడో తీగ పెట్టె నుంచి బయటి అరుగు మీది స్పీకరుకు. పెట్టె కోసం గోడలో సిమెంటుతో ప్రత్యేకంగా గూడు కట్టించాడు. ఆ గూడు చూసి, కొత్తగా వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి దండం పెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆయన వారించలేదు. దసరా వస్తే నాగలికీ బండికీ పెట్టినట్టే దాని పిన్నులకూ బ్యాటరీకీ పసుపు పెట్టి ఆయుధపూజ చేసేవారు.

అప్పట్లో సాయంత్రమైతే అరుగు నిండిపోయేది. గొంతు సవరించుకునే చప్పుడు కూడా వినిపించేదంటే నమ్మండి. ఒకసారి వార్తలు చదివే ఆయన దగ్గితే, నాగక్క అనే ముసలామె మిరియాల కషాయం పెట్టుకొచ్చి స్పీకరు ముందర పెట్టింది. ఓబులేసప్ప కూతురు కృష్ణవేణి గూటి పక్కనే మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునేది. రేడియోలో వచ్చిన పాట మరునాటికి ఆమె నోట్లో ఉండేది. అవ్వ దగ్గర నేర్చిన పెళ్ళిపాటలకు ఆ రేడియో పాటల నునుపు చేరి, ఆ పిల్ల పాడితే పసుపు ఉడకబెట్టే కూలీలు పొయ్యి ఎగదోయడం మరిచిపోయేవారు. తరువాత ఆమెకు పెళ్ళయింది. అల్లుడు రామకృష్ణ కర్నూలులో ప్రభుత్వ గుమాస్తా. రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. ఆఫీసులు డేరాల్లో నడిచేవి. రాజధానిని చూసి వచ్చిన ఓబులేసప్ప, మన ఒంటిమిట్ట తిరునాళ్ళకు ఇంతకంటే మంచి డేరాలు వేస్తారని తీర్పు చెప్పాడు. రాజధాని హైదరాబాదుకు పోతే అల్లుడూ కూతురూ కూడా పోయారు.

అమ్మాయి పోయినట్టే రేడియో గొంతూ పోతూ వచ్చింది. మొదట చిన్న చిటపట. మరుసటి ఏడాదికి ఆవాలు తాలింపులో వేసినట్టు. ఆ తరువాత వార్తలకూ వేరుసెనగ వేయించడానికీ తేడా తెలియలేదు. అరుగు మీద జనం పల్చబడ్డారు. చివరకు ఇద్దరు ముగ్గురు, అది కూడా అరుగు చల్లగా ఉంటుందని వచ్చేవారు.

ఈ తేడాను అందరికంటే ఎక్కువ ఆనందంగా పట్టించుకున్నవాడు పుల్లయ్య. ఓబులేసప్ప అక్కకు మొగుడు, పక్క ఊరివాడు. బావామరుదుల మధ్య ఉండవలసిన పరాచికమంతా ఆయన నోట్లోనే ఉండేది. ఒక ఉగాదికి వచ్చి, అరుగు మీద కూర్చుని, వంటింటి వైపు ఒకసారి, స్పీకరు వైపు ఒకసారి చూసి అడిగాడు:

"ఏం బామ్మర్దీ, వడలు వేగేది ఆడనా, ఈడనా?"

ఆ మాట ఓబులేసప్పకు సూదిలా దిగింది. మరునాడే పెట్టెను దుప్పట్లో చుట్టి కడప బస్సెక్కాడు.

కడపలో సుందరం అని రేడియోలు బాగుచేసే ఆయనకు ఒక అంగడి ఉండేది. ఆయన పెట్టెను చూసి, వెనక పిన్నుల చోట అట్టకట్టిన పసుపు కుంకుమలను గుడ్డతో శుభ్రంగా తుడిచి, తన అంగడి తీగలు తగిలించి తిప్పాడు. పెట్టె గంటలా మోగింది. ఓబులేసప్ప నోరు తెరుచుకుని చూశాడు. సుందరం ఇంకాసేపు విని, పెట్టెకు ఏ జబ్బూ లేదు, ఇంటి దగ్గర తీగలు ఒకసారి చూసుకోమన్నాడు. ఓబులేసప్ప సరేనన్నాడు గానీ మనసు చివుక్కుమంది. పసుపు కుంకుమ తుడిచేసిన పెట్టె బోడినుదురుతో కనిపించి, దారి పొడుగునా దాని ముఖం చూడలేకపోయాడు.

ఇంటికి రాగానే సుందరం చెప్పినట్టే తీగలు చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

వెంకటలక్ష్మమ్మ కూడా పెట్టెను అట్లా బోసిగా లోపలికి రానివ్వలేదు. సంతకు పోయి తిరిగొచ్చిన ఎద్దుకు చేసినట్టే గడప దగ్గర దిష్టి తీసి, అన్ని పిన్నులకూ మళ్ళీ పసుపు పట్టించి, కుంకుమ బొట్లు పెట్టి గూట్లో కూర్చోబెట్టింది. ఇంట పండిన పసుపు, కొలిచి వాడే అలవాటు లేదు. తిప్పగానే రేడియో మళ్ళీ ఆవాలు చిటపటలాడించింది.

ఇలా పెట్టె చాలాసార్లు కడపకు పోయింది. పోయిన ప్రతిసారీ అక్కడ కోకిల, ఇక్కడ కప్ప. ఊళ్ళో వాళ్ళు తలకొక కారణం చెప్పారు. పట్నం మరిగిన పెట్టెకు పల్లె సయించడం లేదని కొందరు. మిద్దె మీది తీగ మీద కాకులు కూర్చుని మాటలను తొక్కేస్తున్నాయని ఒకరు. ఏరు ఎండిపోయింది కదా, మాటలు తడి లేక గరగరమంటున్నాయని నాగక్క. ఓబులేసప్ప అన్నీ విని, ఇది దిష్టి అని తేల్చాడు. దిష్టి ఎవరిదో కూడా ఆయనకు తెలుసు. పక్క ఊరివైపు ఒకసారి చూసి, మిద్దె కన్నం దగ్గర, రెండు తీగలు మెలివేసి కలిపిన చోట, ఒక నిమ్మకాయకు గాటుపెట్టి, కుంకుమ అద్ది, మూడు పచ్చిమిరపకాయలతో కలిపి కట్టాడు. వాడిపోయినప్పుడల్లా మార్చేవాడు. నిమ్మరసం ఆ తీగ వెంట కారి కారి, ఎర్రని రాగి పచ్చబడింది. నిమ్మకాయ దిష్టిని లాక్కుంటున్న గుర్తు అదేనని ఆయన నమ్మకం.

ఎర్త్ కడ్డీ దగ్గర ఎప్పుడూ తడి ఉండాలని రేడియో అమ్మినవాడు మొదట్లోనే చెప్పాడు. దాని మీద ఇంట్లో రోజూ పోరు. మే నెలలో బావి అడుగంటితే వెంకటలక్ష్మమ్మ బిందె కింద పెట్టి నిలదీసేది.

"బర్రెకు కుడితి కలిపేదానికి నీళ్ళు ల్యావు. గోడకాడ వైరుకు బిందెడు పోయల్లనా? ఆ వైరు పాలిస్తాదా, పెరుగిస్తాదా?"

"వార్తలిస్తాదే."

"ఏమిచ్చె? నిన్న ఇచ్చింది ఏందో ఒక్క ముక్క చెప్పు సూద్దాం."

నిన్న రేడియో ఏమన్నదో ఓబులేసప్పకూ తెలియదు.

ఇట్లా ఉండగా హైదరాబాదు నుంచి అల్లుడు ఉత్తరం రాశాడు. కృష్ణవేణి పాడిన పెళ్ళిపాటలు ఎవరో పెద్దలు విని మెచ్చుకున్నారని, ఫలానా శుక్రవారం సాయంత్రం రేడియోలో పాడిస్తున్నారని, పావుగంటసేపని. ఓబులేసప్ప ఆ ఉత్తరాన్ని వీధిబడిలో పద్యం అప్పజెప్పినట్టు నిలబడి చదివాడు. మొదట ఇంట్లో, తరువాత అరుగు మీద, తరువాత బస్సు ఆగే చోట. డ్రైవరు కూడా హారన్ కొట్టకుండా విన్నాడు. వినేవాళ్ళకు ఆయన ఒక మాట కలిపి చెప్పాడు: పాటకు ముందు మన ఊరి పేరు, తన పేరు రేడియోలో చెబుతారని. ఉత్తరంలో అట్లాంటి మాట లేదు. చెప్పకుండా ఎట్లా ఉంటారన్నది ఆయన ధైర్యం.

ఆ ధైర్యం రాత్రికి సగమైంది. అందరూ పడుకున్నాక గూటి వైపు చూస్తూ కూర్చున్నాడు. గ్రామఫోను ప్లేటు అయితే ఇంకోసారి వేసుకోవచ్చు. ఇది గాలిలో వచ్చి గాలిలో పోయే పాట. ఆ పావుగంటలో వినబడితే వినబడినట్టు, లేకపోతే లేదు. కడపకు పోయి సుందరం అంగట్లో వినవచ్చు కదా అని వెంకటలక్ష్మమ్మ అన్నది. మంచి మాటే. కానీ కూతురి పాట వినడానికి ఇంట్లో రేడియో పెట్టుకున్న మనిషి అంగడి మెట్ల మీద కూర్చుంటే, రేపు పుల్లయ్య ముఖం ఎట్లా చూడాలి? అదీగాక ఈ గూటి పక్కన కూర్చుని నేర్చిన పిల్ల. ఈ గూట్లోంచే వినాలి.

ఆ వారమంతా రేడియోకు పెళ్ళివారి మర్యాదలు జరిగాయి. బ్యాటరీ కొత్తగా చార్జి చేయించుకొచ్చాడు. కొత్త వాల్వు వేయించాడు. ఎర్త్ కడ్డీకి రెండు పూటలా నీళ్ళు పోయించాడు. ఈసారి వెంకటలక్ష్మమ్మ తానే బిందె ఎత్తి, కూతురికి తలంటు పోసినట్టు నిదానంగా పోసింది.

శుక్రవారం పొద్దు వాలేసరికి అరుగు, పడసాల, వీధి, అన్నీ నిండిపోయాయి. నాగక్క పడసాలలో ముందు వరసలో చోటు పట్టింది. పుల్లయ్య భార్యతో సహా బండి కట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే, పాట వినడానికి వచ్చినానా, తాలింపు వినడానికా అని అడగకుండా ఉండలేకపోయాడు. ఓబులేసప్ప కొత్త పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, గూటి ముందర చివరి పూజ చేస్తున్నాడు. బ్యాటరీ కొక్కేలకు పసుపు, స్పీకరు పిన్నుకు పసుపు, ఏరియల్ పిన్నుకు పసుపు. ఇక మిగిలింది నిమ్మకాయ. స్టూలు ఎక్కి, వాడిన కాయను తీసేసి, ఊళ్ళోకెల్లా పెద్దదని ఎంచి తెచ్చిన కాయను బిగించి కట్టాడు. జనం ఎక్కువ, దిష్టీ ఎక్కువ అని ఇంకొక ముడి బిగించాడు.

తీగ పుటుక్కున తెగింది.

పైముక్క మిద్దె కన్నంలోంచి మనిషి తలకు పైన వేలాడుతోంది. కిందిముక్క పెట్టె మీద పడింది. రేడియోలో ఆ తాలింపు చప్పుడు కూడా పోయింది. పుల్లయ్య కూడా నవ్వలేదు. అది ఓబులేసప్పను మరింత భయపెట్టింది.

రెండు ముక్కలూ కలిపి మెలివేద్దామని చూశాడు. నిమ్మరసం తాగిన రాగి పుల్లలా పెళపెళ విరిగింది. విరిగేకొద్దీ నడుమ సందు పెరిగింది. ఊళ్ళో ఇంకో తీగముక్క లేదు. పెట్టెనే ఎత్తి దగ్గరికి జరుపుదామని ఒకరన్నారు. మిగతా తీగలు కూడా ఇదే బాపతు, కదిలిస్తే ఏది ఊడుతుందోనని ఇంకొకరు. వెంకటలక్ష్మమ్మ వంటింట్లోంచి పొడుగాటి ఇత్తడి గరిటె తెచ్చింది. ఒక కొన తీగకు, ఒక కొన పిన్నుకు ఆనించి చూస్తే రేడియో పలికింది. కానీ మిద్దె మీద గాలికి తీగ ఊగినప్పుడల్లా గరిటె జారి, పెట్టెలో పిడుగు పడినట్టు మోత. గరిటె పట్టుకున్నవాడు అదిరిపోయి రెండుసార్లు వదిలేశాడు.

కంగారులో ఓబులేసప్ప గరిటెను లాగేసి, కుడిచేత్తో పై తీగను, ఎడమచేతి బొటనవేలితో పెట్టె వెనక పిన్నును పట్టుకున్నాడు. ఆయన ఉద్దేశం రెండూ ఎంత దూరంలో ఉన్నాయో కొలవడం. చెమటతో తడిసిన బొటనవేలికి పిన్ను మీది పసుపు పెచ్చు ఊడి వచ్చింది. లోపల ఇత్తడి తగిలింది.

రేడియోలో మనిషి గొంతు. మనిషి గొంతే. చిటపట లేదు. సన్నగా, దూరంగా ఉంది గానీ ముక్క ముక్కా తెలుస్తోంది. ఏవో వ్యవసాయ సూచనలు, తరువాతి కార్యక్రమం జానపద సంగీతం అని.

"వదలాకు" అన్నాడు పుల్లయ్య. ఆయన నోట్లోంచి పరాచికం లేని మాట రావడం ఊరు వినడం అదే మొదటిసారి.

ఓబులేసప్ప వదలలేదు. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి వెనక్కు, మెడ ఒక పక్కకు వంచి, భజనలో చిందు మధ్యలో ఆగిపోయినవాడిలా నిలబడ్డాడు. నిలబడి, వేలి కింద నలిగిన పసుపును చూసుకున్నాడు. మనిషి వీధిబడి చదువే అయినా బండలో నీళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టినవాడు. కనిపెట్టాడు.

"ఏమ్మే" అని భార్యను పిలిచాడు. "నాగలికి పెట్టిన పసుపు ఏమైతాది?"

ఇంత కష్టంలో ఈ ప్రశ్న ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. "దున్నితే మన్నులో పోతాది."

"బండిచక్రానికి పెట్టింది?"

"దోవలో పోతాది. ఏందిప్పుడు?"

"దీనికి పెట్టింది యాడికి పోతాది? ఇది దున్నల్లనా, తిరగల్లనా? సుందరం తుడ్సినా మళ్ళా పెడ్తిమి, దసరా దసరాకు ఈడనే పేరుకోనుండాది. తుడ్సు."

వెంకటలక్ష్మమ్మ వెనక్కు తగ్గింది. ఆ ఇంట్లో ఆయుధపూజ పసుపు చేత్తో తుడిచే ఆచారం లేదు. పనిముట్టు పనిచేస్తూ అరగదీసుకోవలసిందే. అత్తగారు బతికి ఉన్నప్పుడు పెట్టిన నియమం. పైగా ఇంటి ఆడబిడ్డ, పుల్లయ్య భార్య, ఎదురుగా కూర్చుని ఉంది.

"పూజపసుపు తుడ్సేదెట్లప్పా? ఇంటికి మంచిదా?" అన్నది.

ఓబులేసప్ప ఎన్నడూ నలుగురిలో తన తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. కోడి అడుగులను కూడా డిజైను అన్నవాడు. ఆయన గొంతు తగ్గించి, "పెట్టింది నేను, తుడ్సమనేది నేను. పాపమొస్తే నాకు రానీ. పాప పాడే ఏళాయె, తుడ్సు" అన్నాడు.

ఆమె ఇక ఆలోచించలేదు. కొంగు నడుముకు దోపి, ఇత్తడి దీపాలు తోమే చింతపండు తెచ్చి కూర్చుంది. స్పీకరు పిన్ను ఊడదీసి చింతపండుతో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆర్చి మళ్ళీ దూర్చింది. బ్యాటరీ కొక్కేలు ఒకదాని తరువాత ఒకటి. పసుపు కింద కుంకుమ, కుంకుమ కింద ఉప్పులా తెల్లగా పూసిన బూజు, దాని కింద పచ్చటి చిలుము, అన్నిటికంటే కింద మెరిసే లోహం. పుల్లయ్య భార్య చూసి చూసి, ఆచారం పక్కన పెట్టి, తానూ ఒక గుడ్డ అందుకుంది. రెండో కొక్కెం బిగించగానే రేడియో పెట్టె లోపల ఎవరో తలుపు తీసినట్టయింది. అంతవరకు బావిలోంచి వచ్చిన గొంతు పడసాలలోకి వచ్చి నిలబడింది. బయట అరుగు మీద స్పీకరు కూడా అందుకుంది. వీధిలో జనం ఒక్కసారిగా లేచి, మళ్ళీ కూర్చున్నారు.

అప్పుడే ప్రకటన. ఇప్పుడు పెళ్ళిపాటలు పాడుతున్నది, హైదరాబాదు నుంచి శ్రీమతి కృష్ణవేణి అని.

అంతే. నడింపల్లె లేదు, ఓబులేసప్ప లేడు. అందరూ ఆయన ముఖం చూశారు. హైదరాబాదు నుంచి ఏమిటని అడగడానికి ఆయన నోరు తెరిచాడు. భుజం కదిలింది, పెట్టె బరబరమంది. పడసాలలో ఉన్న వాళ్ళంతా ఉష్ అన్నారు. తన ఇంట్లో, తన అరుగు లోపల, ఓబులేసప్పను ఉష్ అన్నారు.

"ఏం బామ్మర్దీ, ఊరిపేరు బస్సు మాదిరి ఆగకుండా పాయనే" అని పుల్లయ్య చెవి దగ్గర గొణిగాడు. జవాబు చెప్పలేని బావమరిది దొరకడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. కృష్ణవేణి మొదటి పాటగా నలుగు పాట ఎత్తుకున్నది. పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు మామను ఎగతాళి చేసే పాట. పిసినారి మామ వెన్న కొనకుండా, తిన్నట్టు మూతికి సున్నం పూసుకుని తిరిగాడని, పెళ్ళికి తెచ్చిన కొబ్బరిచిప్పను తిరిగి మూటగట్టుకున్నాడని. ఆమె పెళ్ళిలో నడింపల్లె ఆడవాళ్ళు ఆ పాట పుల్లయ్య మీదే పాడారు. ఆయన నిజంగానే కొబ్బరిచిప్ప మూటగట్టుకున్నాడు. రేడియోలో పేరు లేదు. పేరు అక్కర్లేదు. నాగక్క మొదలుపెట్టిన నవ్వు అరుగు దాటి వీధి చివరిదాకా పోయింది. పుల్లయ్య కాసేపు గింజుకుని, తరువాత మీసం దువ్వుకున్నాడు. తన ముచ్చట హైదరాబాదు దాకా పోయిందంటే మాటలా!

నవ్వు ఎక్కువగా రావలసింది ఓబులేసప్పకు. నవ్వితే చెయ్యి కదులుతుంది. పెదవులు బిగించి, బుగ్గలు పొంగించి, పొట్ట ఎగిరెగిరి పడుతుంటే ఊపిరి బిగబట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. తలపాగా జారి ఒక కన్ను మీదికి వచ్చింది. ఎవరో సర్దబోతే కంటితోనే వద్దన్నాడు.

రెండో పాటకు ఆ నవ్వులు ఆగిపోయాయి. అప్పగింతల పాట. ఓబులేసప్ప తల్లి పాడేది. ఏ రేడియోలోనూ ఏ ప్లేటులోనూ లేని పాట. ఒకచోట గొంతు ఆపి, ఊపిరి తీసుకుని, మెల్లగా దించే వరస ఒకటుంది, అది ఆ ముసలామెది. ఆ ఊపిరి కూడా వినబడింది. కొత్తలో రేడియో పలికినట్టే, గొంతు వెనక గొంతు తడి కూడా తెలిసేలాగా. వెంకటలక్ష్మమ్మ గూటి పక్కన, కూతురు కూర్చునే చోటే, చింతపండు చేతులతో కూలబడింది. ఓబులేసప్ప కళ్ళలోంచి నీళ్ళు కారి మీసంలోకి దిగాయి. తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు.

పాట అయిపోయింది. మరొకటి పాడింది, అదీ అయిపోయింది. ప్రకటన చేసే మనిషి ధన్యవాదాలు చెప్పి, మార్కెట్టు ధరవరలు అన్నాడు. జనం కాళ్ళు దులుపుకుని లేచారు. ఆడవాళ్ళు కొంగులతో ముక్కులు తుడుచుకున్నారు. పుల్లయ్య భార్య వక్కాకు పళ్ళెం తీసుకురమ్మని లోపలికి కేకేసింది. బెల్లం ధర, వేరుసెనగ ధర, ఆదోని పత్తి ధర స్పష్టంగా, ఒక్క చిటపట లేకుండా వినిపిస్తున్నాయి.

ఓబులేసప్ప మాత్రం ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి వెనక్కు అట్లాగే ఉన్నాడు.

"అయిపాయ గదప్పా, దింపు చెయ్యి" అన్నాడు పుల్లయ్య.

"ఉండు బావా" అన్నాడు ఓబులేసప్ప, పెదవులు మాత్రమే కదిపి. "పాప ఆడనే ఉంటాది ఇంగా. మళ్ళా ఏమన్నా చెప్తాదేమో."

పైకెత్తిన ఆ చెయ్యి బరువెక్కి వాలుతోంది. పుల్లయ్య స్టూలు కాలితో పక్కకు నెట్టి, బావమరిది మోచేయి కింద తన భుజం పెట్టి నిలబడ్డాడు. ఇద్దరూ ఆముదాల ధర విన్నారు.